వెల్లుల్లికి వలయమే రాలేదు, నిమ్మకి 22 మిల్లీమీటర్లు. తప్పెక్కడ?

సింహపురి_మైక్రో, నెల్లూరు

నమస్కారమండీ. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు. వంటింట్లో వాడే మొక్కలు నోటి ఇన్ఫెక్షన్ల మీద ఎంతవరకు పనిచేస్తాయో చూస్తున్నాం. తీసుకున్నవి జామాకు, దానిమ్మ తొక్క, వెల్లుల్లి, పసుపు, లవంగ నూనె, నిమ్మరసం. పరీక్ష రెండు సూక్ష్మజీవుల మీద: పళ్ళు పిప్పిపోవడానికి మూలమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ (చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల బ్యాంకు ఎంటీసీసీ నుంచి తెప్పించిన 890 నంబరుది), నోట్లో తెల్లపూత తెచ్చే కాండిడా ఆల్బికన్స్.

చేసింది ఇదీ. జామాకు, దానిమ్మ తొక్క, పసుపు, వెల్లుల్లి ఎండలో ఎండబెట్టి పొడి కొట్టాం. ఒక్కోటి 10 గ్రాములు 100 మి.లీ. నీళ్ళలో 20 నిమిషాలు మరిగించి, వడకట్టి, ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపడం) చేశాం. అవే పొడులను ఇథనాల్‌లో నానబెట్టి, వడకట్టి, ఆరబెట్టి, డీఎంఎస్ఓ అనే ద్రావకంలో మి.లీ.కి 100 మిల్లీగ్రాముల చొప్పున కలిపాం. నిమ్మరసం పొదలకూరు కాయలు పిండి నేరుగా పోశాం, లవంగ నూనె కూడా నేరుగానే. ముల్లర్ హింటన్ అనే, సూక్ష్మజీవుల్ని పెంచే అగార్ జెల్లీ‌లో 6 మి.మీ. వెడల్పు బావులు (గుండ్రటి గుంటలు), బావికి 50 మైక్రోలీటర్లు, మామూలు ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల దగ్గర 24 గంటలు. పోలికకి నోరు పుక్కిలించే మందుగా వాడే 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్.

మ్యూటన్స్ మీద వచ్చిన వలయాల (బావి చుట్టూ సూక్ష్మజీవి పెరగని జాగా) వెడల్పులు: నిమ్మ 22 మి.మీ., క్లోర్‌హెక్సిడిన్ 17, దానిమ్మ తొక్క నీటి కషాయం 14, జామాకు ఇథనాల్ సారం 12, పసుపు 6, వెల్లుల్లి 6. లవంగ నూనె వలయం పక్క బావి మీదకి పాకింది, ఒకవైపు కొలిస్తే 30, ఇంకోవైపు 18. వట్టి డీఎంఎస్ఓ పోసిన బావికీ 8 వచ్చింది. పైగా మ్యూటన్స్ ప్లేట్లలో పెరుగుదలే పల్చగా, అక్కడక్కడా ఉంది.

నిమ్మరసం క్లోర్‌హెక్సిడిన్ కన్నా మెరుగని రాసెయ్యొచ్చా? వెల్లుల్లి పనిచెయ్యదని రాయాలా? గడువు మూడు వారాలే ఉంది. ఏవి మళ్ళీ చెయ్యాలో చెప్పండి.


అగార్_పళ్ళెం, ఒంగోలు

ముందు ఆ మ్యూటన్స్ ప్లేట్ల కొలతలన్నీ కొట్టెయ్యండి. పైరే సరిగ్గా మొలవని మడిలో పురుగుమందు పనితనం చూసినట్టుంది ఇది. పెరుగుదల పల్చగా ఉంటే ఏది పోసినా వలయం ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. నిమ్మకే కాదు, క్లోర్‌హెక్సిడిన్‌కి వచ్చిన 17 మీద కూడా నమ్మకం పెట్టుకోలేం.

వట్టి ముల్లర్ హింటన్ మ్యూటన్స్‌కి చాలదు. దాంట్లో 5 శాతం గొర్రె రక్తం కలపండి, లేదంటే బ్రెయిన్ హార్ట్ ఇన్ఫ్యూజన్ అగార్ వాడండి. గాలి కూడా ముఖ్యమే. దానికి 5 శాతం దాకా కార్బన్ డయాక్సైడ్ కావాలి. ఆ ఇంక్యుబేటర్ లేకపోతే పాత పద్ధతి ఉందిగా: మూత బిగుతుగా పట్టే జాడీలో ప్లేట్లు పేర్చి, వాసన లేని తెల్ల కొవ్వొత్తి వెలిగించి మూత పెట్టడం. కొవ్వొత్తి దానంతటదే ఆరేసరికి సుమారు 3 శాతం కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది. అడుగున తడి దూది ఒకటి వెయ్యండి, లేకపోతే 48 గంటల్లో అగార్ అంచులు ఎండి లేస్తాయి. ఎంటీసీసీ నుంచి పొడిగా వచ్చిన కల్చర్‌ని లేపాక కనీసం రెండుసార్లు కొత్త అగార్ మీదకి మార్చి పెంచి ఆ తర్వాతే పరీక్షకి వాడండి.

ప్లేటుకి అగార్ ఎంత పోశారో రాయలేదు. 90 మి.మీ. ప్లేటుకి 25 మి.లీ. పోస్తే మందం 4 మి.మీ. వస్తుంది. పల్చగా పోస్తే వలయాలు ఉబ్బుతాయి. కల్చర్ చిక్కదనం 0.5 మెక్‌ఫార్లాండ్, అంటే మి.లీ.కి సుమారు 15 కోట్ల కణాలు. కలిపిన 15 నిమిషాల్లోపు దూదిపుల్లతో మూడు దిక్కులా పూసెయ్యాలి. బావులు తవ్వాక అడుగున ఒక చుక్క కరిగిన అగార్ వేసి మూయకపోతే ద్రవం ప్లేటుకీ అగార్‌కీ మధ్యన జారిపోతుంది. మీ లవంగం వలయం వంకరలో దీని పాత్ర కూడా ఉండొచ్చు.

పసుపు 6, వెల్లుల్లి 6 అని రాశారు. బావి వెడల్పే 6 కదండీ. దాన్ని కొలతగా రాస్తే చూసినవాళ్ళు 6 మి.మీ. వలయం వచ్చిందనుకుంటారు. "వలయం లేదు" అని రాయండి. థీసిస్‌లలో ఈ పొరపాటు కోకొల్లలు.

ఇక నిమ్మ. రసం పీహెచ్ (పులుపు కొలత; 7 అంటే తటస్థం, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 2 నుంచి 2.5 మధ్య ఉంటుంది. అంత పులుపు పోస్తే చాలా సూక్ష్మజీవులు బావి చుట్టూ పెరగవు. అది నిమ్మలోని మందు గుణమో వట్టి ఆమ్లమో తేల్చాలంటే మూడు బావులు పక్కపక్కన పెట్టాలి: ఒకదాంట్లో రసం యథాతథంగా, ఒకదాంట్లో సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7కి తెచ్చిన రసం, మూడోదాంట్లో రసం పీహెచ్‌కే తెచ్చిన వట్టి సిట్రిక్ ఆమ్లం. రెండోదానికి వలయం పోయి, మూడోదానికి మొదటిదానంతే వస్తే అది పులుపు పనే.

డీఎంఎస్ఓకి వచ్చిన 8ని జామాకు 12లోంచి తీసేసి 4 అని రాయకండి, వలయాలు అలా కూడికలు తీసివేతలకి లొంగవు. సారాన్ని ముందు కొద్ది డీఎంఎస్ఓలో కరిగించి, నీళ్ళతో పల్చన చేసి, డీఎంఎస్ఓ వాటా 10 శాతానికి తగ్గించి మళ్ళీ చూడండి. అప్పుడు తెల్లగా విరిగిపోతే సారం అడుగున దిగినట్టే, ఆ సంగతి కూడా రాయాలి. ఇథనాల్ పూర్తిగా ఆరిందో లేదో చూశారా? గిన్నెని అరగంట తేడాతో రెండుసార్లు తూచండి, బరువు మారకపోతేనే ఆరినట్టు. మిగిలిపోయిన ఇథనాల్ కూడా వలయం ఇస్తుంది.

ఒక్క లెక్క మాత్రం గోడకి అంటించుకోండి. మి.లీ.కి 100 మిల్లీగ్రాముల సారం 50 మైక్రోలీటర్లు పోశారంటే బావిలో పడింది 5 మిల్లీగ్రాములు. 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ అంటే మి.లీ.కి 2 మిల్లీగ్రాములు, అదే 50 మైక్రోలీటర్లలో 0.1 మిల్లీగ్రాము. అంటే మీ జామాకు సారం బరువులో 50 రెట్లు ఎక్కువ పోశారు. పైగా క్లోర్‌హెక్సిడిన్ అణువు ధనావేశంతో ఉండి అగార్‌కి అతుక్కుంటుంది, తేలిగ్గా పాకదు. నీళ్ళలో ఇట్టే కరిగే చిన్న అణువులు చకచకా పాకుతాయి. వలయం వెడల్పు చూసి ఇది బలం, అది బలహీనం అనడం పరుగెత్తే వాడినీ బరువు మోసే వాడినీ ఒకే గీత మీద నిలబెట్టి పోల్చడమే.


ఆకు_వేరు_గింజ, కావలి

సూక్ష్మజీవుల వైపు ఒంగోలు సార్ చెప్పేశారు. మొక్కల వైపు తప్పులు అంతకన్నా ఎక్కువున్నాయి.

వెల్లుల్లి చావడానికి మీరు చెయ్యాల్సినవన్నీ చేశారు. వెల్లుల్లిలో సూక్ష్మజీవుల్ని చంపేది అల్లిసిన్, అది పాయలో సిద్ధంగా ఉండదు. అల్లిన్ అనే పదార్థం ఒక గదిలో, అల్లినేజ్ అనే ఎంజైము ఇంకో గదిలో ఉంటాయి. నలగ్గొట్టినప్పుడే రెండూ కలిసి అల్లిసిన్ పుడుతుంది. మీరు పొడి కొట్టి నేరుగా మరిగే నీళ్ళలో వేశారు, ఎంజైము అక్కడే పోయింది. అరకొర పుట్టిన అల్లిసిన్ ఏమన్నా ఉంటే ఆటోక్లేవ్ 121 డిగ్రీల దగ్గర దాని సంగతీ చూసింది. ఇలా చెయ్యండి: పొట్టు తీసిన పచ్చి రెబ్బలు 10 గ్రాములు, శుభ్రం చేసిన రోట్లో మెత్తగా దంచి, 10 నిమిషాలు కదపకుండా వదిలెయ్యండి. తర్వాత 10 మి.లీ. స్టెరైల్ నీళ్ళు కలిపి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, పైన తేరిన ద్రవాన్ని 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టి గంటలోపు బావిలో పొయ్యండి. మర్నాటికి దాచుకోవద్దు. నిమ్మరసంతో కలిపి దంచే ఆలోచన ఉంటే అదీ వద్దు, పీహెచ్ 3 కన్నా దిగితే ఆ ఎంజైము పనిచెయ్యదు. ప్లేటు మీద దీని ఆవిరి పక్కకి కూడా పోతుంది కాబట్టి వెల్లుల్లికి వేరే ప్లేటు.

పసుపుది వేరే గోల. దాంట్లో పనిచేసేది కర్‌క్యుమిన్. కర్‌క్యుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు. నీటి కషాయంలో రంగు కనబడుతుంది గానీ సరుకు తక్కువ. ఇథనాల్ సారంలో సరుకుంటుంది, అది అగార్‌లో పాకదు, బావి చుట్టూ పచ్చటి గీతలా ఆగిపోతుంది. కాబట్టి పసుపుకి వలయం పద్ధతే తప్పు, గొట్టాల్లో పల్చన చేసుకుంటూ పోయే ఎంఐసీ (పెరుగుదలని ఆపే కనీస మోతాదు) పద్ధతి పెట్టండి. అక్కడ రంగు వల్ల ద్రవం మసకబారిందో లేదో కంటికి ఆనదు. ప్రతి గొట్టంలోంచి ఒక చుక్క తీసి కొత్త అగార్ మీద వేసి, మొలిచిందా లేదా చూసుకోవాలి.

జామాకు ఎండలో ఎందుకు ఎండబెట్టారు? నెల్లూరు ఎండకి ఆకు రెండు రోజుల్లో గోధుమరంగు తిరుగుతుంది. కడిగి, తుడిచి, నీడన గాలి తగిలేచోట పల్చగా పరిచి వారం పది రోజులు. విరిస్తే పెళుక్కుమనాలి, రంగు ఇంకా పచ్చగా ఉండాలి. తొందరైతే ఓవెన్‌లో 40 డిగ్రీలు దాటనివ్వకండి. జామాకులో పనిచేసేవి టానిన్లు, క్వెర్సెటిన్ జాతి ఫ్లేవనాయిడ్లు. గ్వాయిజావెరిన్ అనేదాన్ని మ్యూటన్స్ మీద ప్రత్యేకంగా చూసినవాళ్ళున్నారు. వీటికి పూర్తి ఇథనాల్ కన్నా 70 శాతం ఇథనాల్ మేలు, 10 గ్రాములకి 100 మి.లీ., 48 గంటలు షేకర్ మీద. వడకట్టింది 40 డిగ్రీల లోపలే ఆరబెట్టి, పొడికి ఎంత శాతం సారం దిగిందో తప్పకుండా రాయండి. ఆ అంకె లేకపోతే మీ మి.లీ.కి 100 మిల్లీగ్రాములు ఎన్ని ఆకులకి సమానమో ఎవరికీ అర్థం కాదు.

దానిమ్మ తొక్క నీటి కషాయానికి వలయం రావడం సహజం. తొక్కలోని ప్యునికాలజిన్లు అనే టానిన్లు నీళ్ళలో బాగా దిగుతాయి, వేడికి కొంత ఓర్చుకుంటాయి. మీ పట్టికలో కాస్త నిలబడే కొలత అదొక్కటే అనిపిస్తోంది, రక్తం అగార్ మీద మళ్ళీ చూశాకే ఖాయం చెయ్యండి.

లవంగ నూనె నేరుగా పోస్తే నీళ్ళ అగార్‌లో కలవదు, పైపైన పరుచుకుంటుంది, ఆవిరై మూత కింద తిరుగుతుంది. 0.5 శాతం ట్వీన్ 80 (నూనెని నీళ్ళలో కలిపే పదార్థం) కలిపిన నీళ్ళలో నూనెని 10 శాతానికి చిలికి, ఒక ప్లేటుకి ఒక్క బావే పెట్టి, వట్టి ట్వీన్‌ని ఇంకో ప్లేటులో చూడండి. నూనె ఎక్కడ కొన్నారు? మంచి లవంగ నూనెలో యూజెనాల్ 70 నుంచి 90 శాతం ఉంటుంది. బజారు సీసాల్లో వంట నూనె కలిపినవి ఉంటాయి. మొగ్గల నుంచి మీరే తీసుకుంటే ముందు మొగ్గని గోటితో నొక్కండి, నూనె చెమ్మ తేలాలి. గ్లాసు నీళ్ళలో వేస్తే మంచి మొగ్గ మునుగుతుంది, లేదా కాడ కిందికి పెట్టి నిలువుగా నిలబడుతుంది. నూనె పిండేసిన మొగ్గ అడ్డంగా తేలుతుంది.

జాబితాకి వాము చేర్చండి, ఎందుకు వదిలేశారో తెలియడం లేదు. వాము నూనెలో ముఖ్యమైనది థైమాల్. 1879లో తయారైన లిస్టరిన్ మౌత్‌వాష్‌లో ఉన్న నాలుగు నూనె పదార్థాల్లో అదొకటి. అయితే వాము గింజ వేరు, కుండీలో పెంచుకునే దళసరి వామాకు వేరు. వాసన ఒకటేగానీ మొక్కలకి చుట్టరికం లేదు. ఏది వాడినా పూతతో సహా ఒక రెమ్మ ఎండబెట్టి కాగితానికి అతికించి, బోటనీ డిపార్టుమెంటులో పేరు ఖాయం చేయించుకోండి.


సింహపురి_మైక్రో

ఇద్దరికీ చాలా థ్యాంక్సండీ. వెల్లుల్లి విషయం తల కొట్టుకోవాల్సిందే. ఒక సందేహం. నిమ్మని పీహెచ్ 7కి తెస్తే అది నిమ్మరసం ఎలా అవుతుంది? మనుషులు పుక్కిలించేది పుల్లటి రసమే కదా.


ఆకు_వేరు_గింజ

నేనూ అదే అందామనుకున్నాను. ఆహారంగా చూస్తే ఆమ్లం కూడా నిమ్మలో భాగమే. ఉప్పు తీసేసి ఊరగాయ రుచి చూడమన్నట్టుంది.


అగార్_పళ్ళెం

ఊరగాయ పోలిక బాగుంది గానీ ఇక్కడ నప్పదు. ప్రాజెక్టు పేరులో "మొక్క గుణం" అని ఉంటే అది ఆమ్లానిదా ఇంకోదానిదా చెప్పాల్సిందే. పుల్లగా ఉన్నది కూడా పెట్టమన్నానుగా, రెండూ రాయండి. ఇంకోటి, మ్యూటన్స్ పులుపుకి భయపడే జాతి కాదు. అదే చక్కెరని తిని ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లంలో పక్క సూక్ష్మజీవులు నీరసపడితే తను నిలదొక్కుకుంటుంది. పులుపు మీద ఆధారపడ్డ మందు నోట్లో ఎవరి పక్షాన ఉంటుందో డెంటల్ వాళ్ళు చెప్పాలి.


దవడ_డాక్టర్, కందుకూరు

పంటి పక్షాన మాత్రం ఉండదండీ. పంటి పైపొర, అదే ఎనామిల్, నోటి పీహెచ్ 5.5 కిందికి దిగితే ఖనిజం కోల్పోవడం మొదలవుతుంది. నిమ్మరసం 2.5. రోజూ పుక్కిలిస్తే ముందు చల్లనీళ్ళు జివ్వుమంటాయి, తర్వాత ముందు పళ్ళ అంచులు గాజులా పల్చబడతాయి. పులుపు తగిలిన వెంటనే బ్రష్ వేస్తే ఇంకా నష్టం, మెత్తబడిన పొర బ్రష్‌తోనే పోతుంది. కనీసం అరగంట ఆగాలి.

ప్లేటుకీ నోటికీ ఉన్న దూరం గురించి కూడా మీ చర్చలో రాయాలి. ప్లేటులో సారం 24 గంటలు అక్కడే కూర్చుంటుంది. నోట్లో 30 సెకన్లు ఉంటుంది, తర్వాత లాలాజలం కడిగేస్తుంది. పైగా నోట్లో మ్యూటన్స్ విడి కణాలుగా తిరగదు. చక్కెర నుంచి జిగురు నేసుకుని పాచిలో పాతుకుపోయి ఉంటుంది. విడిగా ఉన్నప్పుడు చచ్చే మోతాదు పాచిలో ఉన్నప్పుడు చాలదు. క్లోర్‌హెక్సిడిన్ నిలబడటానికి కారణం దాని బలం ఒక్కటే కాదు, పంటికీ చిగురుకీ అంటుకుని గంటల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది. ఆ అంటుకునే గుణం జామాకులో ఉందా అన్నది వలయం చెప్పదు.

ఇంట్లో వాడకం గురించి ఎలాగూ అడుగుతారు కాబట్టి రాసేస్తున్నాను. చిగుళ్ళు ఎర్రబడి బ్రష్ వేస్తే రక్తం కనిపిస్తుంటే, బ్రష్‌తో పాటు జామాకు కషాయం వాడుకోవచ్చు. గుప్పెడు లేత ఆకు కడిగి, 200 మి.లీ. నీళ్ళలో 10 నిమిషాలు మరిగించి వడకట్టి, గోరువెచ్చగా అయ్యాక పుక్కిలికి రెండు చెంచాలు, నిమిషం పాటు, రోజుకు రెండుసార్లు, ఉమ్మెయ్యాలి. మింగే పని లేదు. ఏ రోజుది ఆ రోజే. మన ఎండల్లో సాయంత్రానికే దాంట్లో వేరేవి మొలుస్తాయి. టానిన్ల వల్ల వారాల తరబడి వాడితే పళ్ళకి గోధుమ మచ్చ పడుతుంది. వాము అయితే అర చెంచా గ్లాసు నీళ్ళలో 5 నిమిషాలు, మూత పెట్టి మరిగించాలి. మూత లేకపోతే థైమాల్ వంటింట్లోకి పోతుంది, గ్లాసులో వాసనే మిగులుతుంది.

పచ్చి వెల్లుల్లి రెబ్బని చిగురు మీద పెట్టి కట్టుకోవడం మాత్రం ఎవరికీ చెప్పకండి. గంటలో చిగురు తెల్లగా కాలి, పొర ఊడి, పుండవుతుంది. లవంగ నూనె కూడా చుక్క నేరుగా చిగురుకి తగిలితే మండి కాలుతుంది. ఒక చెంచా నువ్వుల నూనెలో ఒకటి రెండు చుక్కలు కలిపి, కందిగింజంత దూది ముంచి, పిండి, పంటి గుంటలో మాత్రమే పెట్టాలి. చిన్నపిల్లలకి వద్దు. 5 మి.లీ. లవంగ నూనె లోపలికి పోయినా పసిపిల్లల కాలేయం దెబ్బతింటుంది, సీసా అందనంత ఎత్తులో పెట్టండి.

లవంగంతో పోటు తగ్గిందంటే రోగం తగ్గినట్టు కాదు. యూజెనాల్ నరాన్ని మొద్దుబారుస్తుంది. మేమూ జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలిక సిమెంటుగా వాడేది అదే. కానీ పిప్పి నరం దాకా పోయి వేరు కొసన చీము పట్టాక ఏ పుక్కిలింతా అక్కడిదాకా చేరదు, ఏ కషాయమైనా చిగురు పైనుంచే పోతుంది. బుగ్గ వాచి, జ్వరం వచ్చి, నోరు తెరుచుకోకపోయినా, మింగలేకపోయినా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి. వాపు దవడ కింద నుంచి మెడలోకి దిగితే ఊపిరి ఆగే ప్రమాదం. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళు అసలే ఆగకూడదు. రెండు వారాలు దాటినా మానని పుండు, ముఖ్యంగా పొగాకు నమిలేవాళ్ళకీ, పొగాకు పొడితో పళ్ళు తోమేవాళ్ళకీ, నోటిపూత అనుకుని కషాయాలతో కాలక్షేపం చెయ్యకూడదు.

కాండిడా గురించి ఒక మాట. కట్టుడు పళ్ళ కింద ఎర్రగా మండే పెద్దవాళ్ళలో సగం వైద్యం రాత్రిపూట పళ్ళ సెట్టు తీసి, తోమి, నీళ్ళలో వెయ్యడమే. సెట్టులోనే కాండిడా కాపురముంటే నోరు ఎన్నిసార్లు పుక్కిలించినా మళ్ళీ వస్తుంది.


బోరునీళ్ళు, పొదిలి

డాక్టరు గారూ, మా వైపు పిల్లల పళ్ళకి పుట్టుకతోనే పసుపు, గోధుమ గారలుంటాయి. నిమ్మచెక్క మీద ఉప్పు వేసి రుద్దితే పోతాయంటారు, కొందరికి కాస్త తెల్లబడినట్టు కూడా ఉంటుంది. ఇది కూడా ఇన్ఫెక్షనేనా? ఏం రుద్దాలి?


దవడ_డాక్టర్, కందుకూరు

అది ఇన్ఫెక్షన్ కాదండీ, గార కూడా కాదు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. దేశంలో ఫ్లోరోసిస్‌ని మొదట రికార్డు చేసింది 1937లో, మన నెల్లూరు జిల్లాలోనే. అప్పుడు పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు నెల్లూరులోవే, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా కట్టినప్పుడు అటు వెళ్ళాయి. పన్ను చిగురులో తయారవుతున్నప్పుడే ఆ మచ్చ పడుతుంది, అంటే ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళది. గారయితే గోటికి గరుకుగా తగిలి, క్లీనింగ్‌లో ఊడొస్తుంది. ఈ మచ్చ పంటి లోపల ఉంటుంది.

నిమ్మ, ఉప్పు రుద్దితే తెల్లబడటం అంటే పై పొర కరిగి, ఉప్పు రవ్వలతో గీసుకుపోవడం. ఫ్లోరోసిస్ పంటికి ఆ పొర అసలే గుల్లగా ఉంటుంది. మచ్చ పోదు, జివ్వుమనడం మాత్రం మిగులుతుంది. పిల్లలకి చెయ్యాల్సింది నీళ్ళు మార్చడం. లీటరుకి ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. చాలామంది కాచి తాగుతున్నాం కదా అని ధీమాగా ఉంటారు, అందుకే చెబుతున్నాను. పెద్దయ్యాక మచ్చలకి మైక్రో అబ్రేషన్, ఫిల్లింగ్ లాంటి దారులు డెంటిస్టు దగ్గరున్నాయి.


సింహపురి_మైక్రో

ఆ ఊళ్ళ నుంచి పిప్పిపళ్ళ శాంపిళ్ళు తెచ్చి వాటి మీద కూడా చూడమని గైడ్ అంటున్నారు. మూడు వారాల్లో కుదురుతుందా?


అగార్_పళ్ళెం, ఒంగోలు

ఏందబ్బా, మూడు వారాల్లో ఎథిక్స్ కమిటీ సంతకమే రాదు. మనుషుల నోటి శాంపిల్ తీయాలంటే అది తప్పనిసరి. పైగా నోట్లో పెరిగిన ప్రతి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ కాదు. మైటిస్ సాలివేరియస్ అగార్‌లో 20 శాతం చక్కెర, మి.లీ.కి 0.2 యూనిట్ల బాసిట్రాసిన్ కలిపి వేరు చెయ్యాలి, కెటలేజ్ ఎంజైము లేదని చూడాలి, మన్నిటాల్, సార్బిటాల్ అనే చక్కెర లాంటి పదార్థాల్ని పులియబెడుతుందో చూడాలి. అది వచ్చే బ్యాచ్‌కి వదిలెయ్యండి.

ఉన్న గడువులో ఇలా చెయ్యండి. మొదటి వారం సారాలు: నీడన ఎండే జామాకు ముందు మొదలుపెట్టి, ఆ లోపు ప్లేట్ల పద్ధతి వట్టి క్లోర్‌హెక్సిడిన్‌తో సరిచూసుకోండి. మూడు ప్లేట్లలో దాని వలయం ఒకటి రెండు మి.మీ. తేడాలోపు వస్తేనే మిగతావి పొయ్యండి. రెండో వారం వలయాలు, ప్రతిదీ మూడేసి సార్లు. కాండిడాకి ముల్లర్ హింటన్‌లోనే 2 శాతం గ్లూకోజ్, మి.లీ.కి 0.5 మైక్రోగ్రాముల మిథిలీన్ బ్లూ కలపండి, అంచు స్పష్టంగా కనిపిస్తుంది, పోలికకి ఫంగస్ మందు ఫ్లూకోనజోల్ కూడా పెట్టండి.

మూడో వారం ఎంఐసీ. మి.లీ.కి 10 మిల్లీగ్రాముల నుంచి సగం సగం తగ్గిస్తూ పది గొట్టాలు, డీఎంఎస్ఓ ఎక్కడా 1 శాతం దాటకుండా. సారం ఎంఐసీ మి.లీ.కి 1 మిల్లీగ్రాము పైన ఉంటే "మంచి గుణం" అని రాయకండి, ఆ మోతాదులో చాలా మొక్కలు ఏదో ఒకటి ఆపుతాయి.

దాంతోపాటు డాక్టరు గారు అన్న 30 సెకన్ల మాట ఉంది చూశారూ, అది పరీక్షించడం కష్టమేం కాదు. సారం 0.9 మి.లీ., కల్చర్ 0.1 మి.లీ. కలిపి స్టాప్‌వాచ్ నొక్కండి. 30 సెకన్లకి, 1 నిమిషానికి, 5 నిమిషాలకి 0.1 మి.లీ. చొప్పున తీసి, వెంటనే 9.9 మి.లీ. ద్రవంలో వేసి ప్లేటు మీద పరచండి. ఆ ద్రవంలో లెసిథిన్, ట్వీన్ 80 ఉండాలి. అవి లేకపోతే క్లోర్‌హెక్సిడిన్ ప్లేటు మీద కూడా చంపుతూనే ఉంటుంది, 30 సెకన్ల లెక్క తప్పుతుంది. ఒకరు పిపెట్ పట్టుకుంటే ఒకరు గడియారం చూడాలి, ఒంటరిగా చేస్తే 30 సెకన్ల గొట్టం 50 సెకన్లకి తీస్తారు. వెల్లుల్లిని ఆ రోజు అన్నిటికన్నా ఆఖరున దంచండి. వాడిన ప్లేట్లు, గొట్టాలు పారేసేముందు 121 డిగ్రీల్లో 30 నిమిషాలు ఆటోక్లేవ్.